సర్దుకుపోవడమా, సర్దుకోవడమా?

మన తెలుగులో రెండు మాటలున్నాయి. చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా వుంటాయి గానీ గుణాల్లో ఒకదానికొకటి ఎడమొహం పెడమొహం. ఒకటి 'సర్దుకుపోవడం'. రెండోది 'సర్దుకోవడం'. మొదటిదాంట్లో మారవలసింది మనం. రెండోదాంట్లో మారేది మన చుట్టూ వున్న సామాను. అప్పగింతలప్పుడు "కాస్త సర్దుకుపోమ్మా" అని ప్రతివాళ్ళూ చెప్తారు. "నీకు వీలుగా అన్నీ సర్దుకోమ్మా" అని చెప్పిన పెద్దముత్తైదువని నేను ఇంతవరకూ చూడలేదు.

అందుకే కాబోలు, మన కొలతకి లేని వస్తువుల మధ్య బతకడం మనకి బాగా అలవాటైపోయింది. వంటింటి గట్టు ఎవరి ఎత్తుకి కట్టారో తెలియదు, నడుం వంచుకుని తరుక్కుంటాం. అటకమీది డబ్బా ఎవరి చేతికి అందుతుందని పెట్టారో తెలియదు, పీట వేసుకుని ఎక్కుతాం. బస్సులో పైన కడ్డీ అందక పక్క సీటు మూల పట్టుకుని వేలాడతాం. గట్టు తప్పని ఎవరికీ తోచదు. మనమే పొట్టి అనుకుంటాం.

ఇలా అలవాటుపడినవాళ్ళకి, ఎప్పుడైనా ఓ వస్తువు తనంతట తాను "నన్ను నీకు వీలుగా మార్చుకో" అంటే, ముందు సంతోషం కలగదు. అనుమానం కలుగుతుంది. ఇంకొకళ్ళు కష్టపడి చేసినదాన్ని మన వీలుకోసం కత్తిరించుకోవచ్చునా? కత్తిరించాక అది ఎవరిది? అలా కత్తిరించుకున్నందుకు మనం ఎవరికైనా బాకీ పడతామా? ఈ ప్రశ్నలు నాకు ఏ వేదాంత గ్రంథంలోనో ఎదురయ్యాయని చెప్తే గౌరవంగా వుండేది. కానీ నిజం చెప్పాలి కదా, ఓ కంప్యూటరు ప్రోగ్రాము దగ్గర ఎదురయ్యాయి. కథలు రాసుకునే ఈవిడకి కంప్యూటరు గొడవ ఏమిటని నవ్వకండి. మనుషులున్నచోటల్లా కథ వుంటుంది. ప్రోగ్రాము లోపల కూడా మనుషులే వుంటారని నాకు ఈమధ్యే తెలిసింది.

మా కాలనీ మహిళామండలికి చిన్న లైబ్రరీ వుంది. ఓ ఎనిమిది వందల పుస్తకాలు, డెబ్బైమంది దాకా సభ్యులు. పద్దు పుస్తకం చిరిగిపోతోందని ఎవరో పుణ్యానికి ఓ రెడీమేడ్ ప్రోగ్రాము తెచ్చి కంప్యూటర్లో పెట్టారు. అది పేరుని రెండు ముక్కలుగా అడిగేది, మొదటి పేరు, చివరి పేరు అని. ఇంటిపేరు ముందు పెట్టుకునే మనకి మొదటిదేది, చివరిదేది? ఉన్నవి ఉన్నట్టు రాస్తే, గుమ్మడివారి కోడలికి "ప్రియమైన గుమ్మడీ, మీ పుస్తకం గడువు దాటింది" అని ఉత్తరం వెళ్ళింది. అందరం నవ్వుకున్నాం. అంతవరకూ బాగానే వుంది.

తరవాతి గడి దగ్గర నవ్వు ఆగిపోయింది. 'తండ్రి లేక భర్త పేరు' అని, పక్కన ఎర్ర చుక్క. కొత్తగా చేరడానికి వచ్చినావిడ భర్తకి దూరంగా వుంటోంది. తండ్రి పేరు రాయడానికి మనసొప్పని కారణాలు ఆవిడకున్నాయి. ఆ గడి ఖాళీగా వదిలేసింది. ఇది నింపనిదే ముందుకు వెళ్ళడం కుదరదని ఎర్రటి అక్షరాలు వచ్చాయి. మా సెక్రటరీగారు మంచావిడే. "ఏదో ఒకటి రాసెయ్యండి, ఎవరు చూస్తారు?" అంది. ఆవిడ చేతిలో వున్న నవలని బల్లమీద పెట్టి, చిన్నగా నవ్వి వెళ్ళిపోయింది. ఒక నవల ఇంటికి తీసుకువెళ్ళడానికి ఓ ఆడమనిషి ఎవరి మనిషో చెప్పాలిట! గడి గీసిన మహానుభావుడికి ఆ సంగతి తట్టి కూడా వుండదు. ఆయనకి అలవాటైన ఫారం ఒకటి వుండి వుంటుంది, దాన్ని చూసి ఇదీ గీసి వుంటాడు.

మా మేనకోడలు కంప్యూటరు చదువు చదివింది. "ఆ గడి తీసెయ్యవే" అన్నాను. "కుదరదత్తా, దాని లోపలికి మనల్ని చూడనివ్వరు. మనమే ఒకటి కట్టుకుందాం. పైథాన్‌లో తేలికపాటి ఫ్రేమ్‌వర్క్‌లున్నాయి" అంది.

పైథాన్ అంటే నేను కొండచిలువ అనుకున్నాను. కాదుట. గిడో వాన్ రోసమ్ అనే డచ్చి దేశస్థుడు చేసి 1991లో బయటపెట్టిన కంప్యూటరు భాష అది. బి.బి.సి.లో ఒకప్పుడు వచ్చిన మాంటీ పైథాన్ హాస్యగాళ్ళంటే ఆయనకి ఇష్టమై ఆ పేరు పెట్టాడుట. ఇక ఫ్రేమ్‌వర్క్ అంటే ఏమిటో నాకు తెలిసిన మాటల్లో చెప్తాను. పెళ్ళి చెయ్యాలంటే రెండు దారులున్నాయి. కళ్యాణమండపం మాట్లాడుకోవచ్చు. పీటలు, కుర్చీలు, వంటపాత్రలు, సన్నాయి దగ్గర్నించి అన్నీ అక్కడే వుంటాయి. కానీ వాళ్ళు పెట్టినచోటే పీటలుండాలి. లేదా ఇంటిముందు పందిరి వేసుకోవచ్చు. నాలుగు రాటలు, పైన తాటాకులు, అంతే. తోరణం ఎక్కడ కట్టాలో, పొయ్యి ఎక్కడ పెట్టాలో మన ఇష్టం. శ్రమా మనదే. తేలికపాటి ఫ్రేమ్‌వర్క్ ఆ పందిరిలాంటిది. అది చేసే అసలు పని వీధితలుపు తియ్యడం. ఎవరు వచ్చారో, ఎవరికోసం వచ్చారో కనుక్కుని, లోపల ఆ పని చూసేవాళ్ళని పిలుస్తుంది. వాళ్ళిచ్చినది తెచ్చి గుమ్మంలో అందిస్తుంది. మిగతా ఇల్లంతా మనం కట్టుకోవలసిందే.

కళ్యాణమండపంలాంటిదాని పేరు జాంగో. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే వూళ్ళో, ఓ దినపత్రిక ఆఫీసులో 2003లో తయారైంది. 2005లో దాన్ని లోకానికి ఉచితంగా ఇచ్చేశారు. ఆ పేరు జాంగో రైన్‌హార్ట్ అనే గిటారు విద్వాంసుడిది. 1928లో ఆయన వుండే బండికి నిప్పంటుకుని, ఎడమచేతి రెండు వేళ్ళు దాదాపు పనికిరాకుండా పోయాయి. తీగెలు నొక్కవలసిన చెయ్యి అదే. మిగిలిన రెండు వేళ్ళతో తనకంటూ ఓ పద్ధతి తయారుచేసుకుని జగద్విఖ్యాతుడయ్యాడు. సర్దుకుపోవడంలో ఇంత ఘనత కూడా వుందని ఆయన్ని చూసి ఒప్పుకుంటాను. కానీ ఆయన సర్దుకుపోయింది విధికి. విరిగిన వేలు మళ్ళీ మొలవదు. ఎవరో గీసిన గడి అలాంటిదా? విధికి సర్దుకుపోతే అది ధైర్యం. గడికి సర్దుకుపోతే అది ఒట్టి అలవాటు. మన జీవితాల్లో ఏది విధో, ఏది గడో తేల్చుకోలేకపోవడమే మనకున్న పెద్ద చిక్కు అనిపిస్తుంది నాకు.

మా పిల్ల ఎంచుకున్న పందిరి పేరు బాటిల్, అంటే సీసా. మార్సెల్ హెల్‌క్యాంప్ అనే జర్మనీ ఆయన 2009లో మొదలుపెట్టాడు. మొత్తం ఒకే ఒక్క ఫైలు. పైథాన్‌తోపాటు వచ్చే సరంజామా తప్ప ఇంకేదీ అక్కర్లేదు. దీని వెనకే ఫ్లాస్క్ అని ఇంకోటి వచ్చింది. దాని పుట్టుక మరీ తమాషా. ఆస్ట్రియాకి చెందిన ఆర్మిన్ రోనాకర్ అనే ఆయన 2010 ఏప్రిల్ ఒకటో తారీకున, ఈ ఒక్కఫైలు ముచ్చట మీద వేళాకోళంగా ఓ బూటకపు ఫ్రేమ్‌వర్క్ తయారుచేసి వదిలాడు. తీరా చూస్తే జనం దాన్ని నిజమనుకుని ఇష్టపడ్డారు. సరే ఇంతమందికి కావాలంటే నిజంగానే చేద్దామని అదే నెలలో ఫ్లాస్క్ తెచ్చాడు. సీసాకి జోడీగా ఆ పేరు! ఇవాళ దాన్ని వాడేవాళ్ళు చాలామందిట. హాస్యానికి పుట్టినవి ఒక్కోసారి గంభీరంగా పుట్టినవాటికంటే ఎక్కువ కాలం బతుకుతాయి.

రెండు వారాల్లో మా లైబ్రరీ ప్రోగ్రాము తయారైంది. పేరుకి ఒకటే గడి, ఎవరి పేరు వాళ్ళు తమకి అలవాటైనట్టు రాసుకోవచ్చు. పక్కనే 'మిమ్మల్ని ఏమని పిలవాలి?' అని చిన్న గడి. తండ్రీ లేదు, భర్తా లేడు. ఇంకో చిత్రమైన సంగతి సరిచేసింది. కంప్యూటరు తన లెక్కలో 'ళ' అక్షరాన్ని 'ల' తరవాతే, 'వ'కి ముందే పెట్టుకుంటుందిట. అందుకని జాబితాలో కళ్యాణి ముందొచ్చి కవిత వెనక వచ్చేది. మనం చిన్నప్పుడు నేర్చుకున్న వరసలో వ, శ, ష, స, హ అయ్యాకే ళ కదా. ఆ వరస చెప్పి కంప్యూటరు చేత మళ్ళీ అక్షరాలు దిద్దించింది. లేని పేజీ అడిగితే నాలుగు వందల నాలుగో తప్పు అని ఇంగ్లీషులో గదమాయించే చోట, 'ఆ కాగితం ఇక్కడ లేదండీ, మళ్ళీ ఒకసారి చూడండి' అని తెలుగులో పెట్టింది.

ఆవిడ వచ్చిందా అని అడుగుతారు మీరు. సెక్రటరీగారే స్వయంగా వెళ్ళి పిలుచుకొచ్చింది. ఆవిడ ఆ పేజీ పైనుంచి కిందిదాకా చదివింది. ఏమీ అనలేదు. పేరు రాసి, రెండు పుస్తకాలు పట్టుకెళ్ళింది.

కనక మొదటి ప్రశ్నకి జవాబు దొరికినట్టే. ఇవ్వడానికి ఒప్పుకునే ఇచ్చినదాన్ని మన కొలతకి కత్తిరించుకోవడంలో దోషం లేదు. పైగా ఆ కత్తిరింపు వల్ల ఓ మనిషి తలెత్తుకుని లోపలికి రాగలిగింది. అసలు చిక్కు ఆ తరవాత మొదలైంది.

మా కార్యక్రమం చూసి పక్క కాలనీవాళ్ళు తమకీ ఓ కాపీ ఇమ్మన్నారు. ఇచ్చే ముందు మా పిల్ల నాకు ఆ ఫైలు తెరిచి చూపించింది. మొదట్లో చూసినప్పుడు పైన ఓ పేరూ, సంవత్సరమూ, ఏవో షరతులూ వుండడం గుర్తుంది నాకు. ఇప్పుడు అవి లేవు.

"ఇక్కడ ఎవరిదో పేరుండాలి కదే?" అన్నాను.

"అదా? తీసేశానత్తా. మనకి అక్కర్లేనివన్నీ కొట్టేశాను, కావలసినవి లోపలే మార్చేశాను. ఇంత మారాక ఇంకా ఆయన పేరేమిటి? అయినా ఎవరు చూస్తారు?"

ఎవరు చూస్తారు! ఎర్రచుక్క గడి దగ్గర సెక్రటరీగారన్న మాట, అచ్చంగా అదే మాట. ఒకచోట లేని పేరు రాయమనడానికి, ఇంకోచోట వున్న పేరు చెరపడానికి. ఆ మాట అంత వీలైన మాట!

నిజానికి ఆ హెల్‌క్యాంప్‌గారు పెట్టిన షరతు చాలా స్వల్పం. ఎమ్.ఐ.టి. లైసెన్సు అంటారుట దాన్ని. ఎంతైనా మార్చుకో, అమ్ముకో, ఎవరికైనా ఇచ్చుకో. కాపీ ఇచ్చేటప్పుడు మాత్రం ఈ నాలుగు పంక్తులూ దాంతోపాటు వుండనీ. చెడిపోతే నాది పూచీ కాదు. అంతే. ఇంత ఇచ్చినవాడు అడిగింది ఇంతే అయినప్పుడు అదీ ఎగ్గొట్టడం ఏం మర్యాదే అన్నాను.

మా పిల్ల ఊరుకునే రకం కాదు. "మరి వెబ్ డాట్ పై అని ఇంకో ఫ్రేమ్‌వర్క్ వుందత్తా. ఆరన్ స్వార్ట్జ్ రాసి 2006లో బయటపెట్టాడు. ఆయన ఆ ఒక్క షరతు కూడా పెట్టలేదు. ఇది లోకం సొత్తు అని వదిలేశాడు. అది వాడుకుని పేరు తీసేస్తే అప్పుడేమంటావు? చట్టం లేదు, షరతు లేదు" అంది.

చెప్పొద్దూ, నాకు వెంటనే జవాబు దొరకలేదు. కృతజ్ఞత అన్నాననుకోండి, అడగనివాడికి కృతజ్ఞత ఏమిటంటుంది. పైగా అలాంటివాళ్ళు పొగడ్త కోరి చెయ్యరు కూడా. రెండు రోజులు ఆలోచించాను. అప్పుడు తోచింది, ఆ పేరు చేసినవాడికోసం కాదు, మన తరవాత వచ్చేవాళ్ళకోసం.

ఎలాగంటే, పక్క కాలనీ వాళ్ళకి ఆ కాపీ ఇచ్చాం. మూడేళ్ళకి అది ఎక్కడో మొరాయించింది. మా పిల్ల అప్పటికి ఏ వూళ్ళో వుంటుందో, ఎవరింట్లో వుంటుందో. అక్కడ వుండే ఇంకో ఆడపిల్ల ఆ ఫైలు తెరిచి చూస్తుంది. ఇది ఎక్కడిది, ఎప్పటిది, దీని మూలం ఏమిటి అని చెప్పేది ఆ పై నాలుగు పంక్తులే. అవి వుంటే, అసలుచోటికి వెళ్ళి, ఈ తప్పు అక్కడ ఎప్పుడో దిద్దేశారని తెలుసుకుంటుంది. లేకపోతే చీకట్లో తడుముకుంటుంది. పుట్టిల్లు తెలియని కోడల్లాగా అయిపోతుంది ఆ ప్రోగ్రాము. ఒంట్లో బాగాలేకపోతే కబురు ఎక్కడికి పంపాలో ఎవరికీ తెలియదు.

ఆ స్వార్ట్జ్ 2013లో, ఇరవైయ్యారేళ్ళకే చనిపోయాడు. కానీ ఆయన వెబ్ డాట్ పై ఆయనతో పోలేదు. ఆయన వుండగానే ఆనంద్ చిటిపోతు వంటివాళ్ళు దాన్ని చూసుకునే బరువు భుజానికెత్తుకున్నారు. అది ఎక్కడిదో తెలిసింది కనకే ఎత్తుకోగలిగారు. షరతు లేకపోయినా జాడ మిగిలింది.

మరి రెండో సంగతి, లోపలే మార్చేశానందే, అది. మంచి దర్జీ రవిక కుట్టేటప్పుడు పక్కల్లో కాస్త గుడ్డ లోపలికి వదిలిపెడతాడు, గుర్తుందా? ఒళ్ళు చేసినా, చెల్లెలు తొడుక్కోవాలన్నా ఆ కుట్టు విప్పుకోవచ్చు. బాటిల్ చేసినాయన కూడా అలాగే కొన్ని కుట్లు వదిలిపెట్టాడు. ఎవరైనా తలుపు తట్టగానే ముందు మన పని ఏదైనా చెయ్యాలంటే దానికో చోటు, లేని పేజీ అడిగితే మన మాట చెప్పాలంటే దానికో చోటు. అక్కడ మార్చుకుంటే మన మార్పులు మన ఫైల్లో వుంటాయి, ఆయనది చెక్కుచెదరదు. రేపు ఆయన లోపాలు దిద్ది కొత్తది పంపితే, పాతది తీసి కొత్తది పెట్టుకోవడమే. మా పిల్ల తొందరలో నడిమధ్యలో కత్తెర వేసింది. ఇక కొత్తది పెట్టుకుంటే తన తెలుగు మాటలు పోతాయి. పెట్టుకోకపోతే పాత లోపాలు వుండిపోతాయి.

అత్తగారింటికొచ్చిన కోడలు వంటింట్లో తనకి అందే ఎత్తులో ఓ అర కొట్టించుకోవడం వేరు, గోడ కూలగొట్టడం వేరు. అలాగని గోడ ఎప్పుడూ కూలగొట్టకూడదని నేననను. కొన్ని గోడలు కూలవలసినవే. ఆ ఎర్రచుక్క గడి అలాంటిది. ఆ ప్రోగ్రాములో దానికి కుట్టు వదల్లేదు, విప్పే వీలు లేదు, అందుకని మొత్తం ఇల్లే మారవలసి వచ్చింది. కానీ కుట్టు విప్పితే సరిపోయేచోట కత్తెర ఎందుకు? గోడ కూల్చినవాళ్ళు ఆ తరవాత కప్పుని కూడా తామే మొయ్యాలి. చెడితే పూచీ లేదని ఇచ్చినవాడు ముందే చెప్పాడు. కత్తెర పెట్టిన క్షణం నుంచీ ఆ పూచీ మనది.

మనకి ఆ పూచీ అలవాటు లేదు. సర్దుకుపోయేవాళ్ళకి ఒక సుఖం వుంటుంది, ఏది చెడినా తప్పు తమది కాదు. గట్టు ఎవరో కట్టారు, నడుం నొప్పి మన ఖర్మ. సర్దుకునేవాళ్ళకి ఆ సుఖం లేదు. గట్టు నేను కట్టించుకున్నాను, బీట తీస్తే నేనే పూడ్చుకోవాలి. స్వేచ్ఛ అంటే మనం అనుకున్నంత తేలిక వస్తువు కాదని, నాకు ఈ తేలికపాటి ఫ్రేమ్‌వర్క్ చెప్పింది.

మా పిల్ల గొణుక్కుంటూనే నాలుగు రాత్రులు కూచుని మళ్ళీ చేసింది. అసలు ఫైలుని పేరుతో సహా ఉన్నదున్నట్టు పెట్టి, తన మార్పులన్నీ వేరే ఫైల్లోకి తెచ్చింది. పైన, ఏవి ఎందుకు మార్చిందో తెలుగులో ఒక పేజీ రాసింది. అందులో ఓ వాక్యం నాకు బాగా నచ్చింది. 'తండ్రి లేక భర్త పేరు అనే గడి ఇందులో కావాలనే పెట్టలేదు, దయచేసి చేర్చకండి' అని. కిందని తన పేరూ, తేదీ.

అప్పుడు నాకు మన భాషలోనే మూడోమాట ఒకటి వుందని గుర్తొచ్చింది. 'సర్దిపెట్టడం'. ఎవరో రాబోతున్నారని తెలిసి, వాళ్ళు వెతుక్కోకుండా, ఏది ఎక్కడుందో తెలిసేట్టు అన్నీ అమర్చి వుంచడం. ఊరు వెళ్ళేముందు వంటింట్లో పప్పు డబ్బామీదా ఉప్పు డబ్బామీదా చీటీలు అంటించి వెళ్తామే, అది. సర్దుకుపోవడం మనకి నేర్పారు. సర్దుకోవడం మనం నేర్చుకుంటున్నాం. ఈ మూడోది మనకి ఎప్పటినుంచో వచ్చు. కాకపోతే వంటింటి గడప దాటి దాన్ని వాడలేదు.

ఇకమీద ఏ ఆడపిల్లనైనా అత్తవారింటికి పంపేటప్పుడు నన్నెవరైనా నాలుగు మంచిమాటలు చెప్పమంటే ఇలా చెప్తాను: మార్చలేనిదానికి సర్దుకుపో తల్లీ, మార్చగలిగినదాన్ని నీకు వీలుగా సర్దుకో, నీ తరవాత వచ్చేదానికి మాత్రం సర్దిపెట్టు.